హోల్డు చిల్లికి వేసిన అతుకు

నేను ఒక అతుకుని. ఆఫీసుల్లో నన్ను ప్యాచ్ అంటారు. చిరిగిన చొక్కాకి వేసే గుడ్డముక్క లాంటిదాన్నే, కాకపోతే అది పైకి కనబడుతుంది, నేను కనబడను. నడుస్తున్న ప్రోగ్రాములో ఎక్కడో చిల్లి పడితే దాన్ని పూడ్చడానికి రాసిన నాలుగు వరసల రాతని. పేరు పెట్టే ఓపిక కూడా లేక, ఖైదీకి తగిలించినట్టు ఒక నంబరు తగిలించి పంపారు.

నన్ను రాసింది బెంగుళూరులో కల్యాణసుందరి అనే ఇంజనీరు. కాల్ సెంటర్లలో ఫోన్లు నడిపే సర్వర్లకి ఒక జబ్బు ఉందని ఆవిడ కనిపెట్టింది. అవతలి మనిషిని 'ఒక్క నిమిషం ఉండండి' అని హోల్డులో పెడితే, కాసేపు పాట మోగి, కాల్ దానంతటదే తెగిపోయేది. పాపం ఆవిడ తల బద్దలు కొట్టుకుని ఆ చిల్లికి సరిపడా నన్ను కత్తిరించింది. లోకానికి మేలు చేస్తున్నాననే అనుకుంది. మేలు చేస్తే మనుషులు ఎంత నొచ్చుకుంటారో ఆవిడకి తెలియదు.

నేను దిగింది విశాఖపట్నంలో, ఒక మిక్సీల కంపెనీ తరఫున ఫోన్లెత్తే కాల్ సెంటర్లో. అక్కడ రెండు సర్వర్లు. వాటిని చూసుకునే పైడిరాజు వాటికి అక్క, చెల్లి అని పేర్లు పెట్టుకున్నాడు. ఒకరు పనిలో ఉంటే రెండోవారు కాచుకుని కూర్చుంటారు. పైడిరాజు పద్ధతి తెలిసినవాడు. ఇద్దరికీ పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయ దించి, ముందు చెల్లికి నన్ను ఎక్కించాడు. కాల్స్ అన్నీ చెల్లి మీదికి మళ్లించి, తర్వాత అక్కకీ ఎక్కించాడు. అలా నేను ఇద్దరిలోనూ కాపురం పెట్టాను.

ఆ రోజే నాకు అసలు సంగతి తెలిసింది. నేను పూడ్చిన చిల్లిని హాల్లో అందరూ కళ్లకద్దుకుని వాడుకుంటున్నారు! విసిగించే కాల్ వస్తే చాలు, హోల్డు నొక్కడం, అది తెగిపోవడం. దీన్ని వాళ్లు 'గంగలో కలపడం' అనేవారు. ఆ కాల్ త్వరగా ముగిసినట్టు లెక్క, ఆ మనిషి మళ్లీ చేస్తే అది కొత్త కాల్ కింద లెక్క. అందరికన్నా ఎక్కువమందిని గంగలో కలిపిన దాలినాయుడి ఫోటో గోడ మీద ఉండేది, కింద 'ఈ నెల మెరుపు' అని.

నేను వచ్చిన పూట దాలినాయుడు ఒక ముసలావిడని హోల్డులో పెట్టి, టీ తాగి, తీరిగ్గా వచ్చి కూర్చున్నాడు.

"పాట బాగున్నాది నాయినా," అంది ఆవిడ. "ఇప్పుడు నా మిక్సీ సంగతి చెప్పు."

అతని మొహం చూడాల్సింది. తలుచుకుంటే నాకైతే ఇప్పటికీ నవ్వు ఆగదు.

ఒక్క సత్యవేణికి మాత్రం నావల్ల ఏ ఇబ్బందీ రాలేదు. కొత్తగా చేరిన పిల్ల, ఇంకా ఉద్యోగం ఖాయం కాలేదు. హోల్డు ముట్టుకునేదే కాదు. "జార్ అడుగున రబ్బరున్నాదేటో చూడండమ్మా. లేదా? కడిగినప్పుడు ఎక్కడెట్టారు?" అని అడిగి, అవతలావిడ వంటింట్లో గిన్నెలన్నీ కదిపి వెతికేదాకా ఆగేది. అందుకే అందరికన్నా నిదానమని ఆమెకి పేరు. నేను వచ్చాక మిగతావాళ్లూ నిజంగా మాట్లాడాల్సి వచ్చింది. అలవాటు లేని పని కదా, ఆమెకన్నా ఎక్కువసేపు తడబడ్డారు.

మేనేజరు సన్యాసిరావు గారు కాల్స్ అన్నీ సాగిపోయిన లెక్కలు చూసి గుండె పట్టుకున్నారు. పైడిరాజుని పిలిచారు.

"నువ్వేటో ఎక్కించావు గానీ, సర్వర్లు నీరసపడిపోనాయి. తీసీ! ఈ వారం లెక్కలు కొట్టెయ్. పాత లెక్కలు చూసి శుక్రవారం సాయంత్రం ఆ సత్యవేణికి ఉద్వాసన చెప్పీద్దాం."

నాకు ఒళ్లు మండిపోయింది. నన్ను తీస్తే తీశారు, ఆ పిల్ల నోటి దగ్గర కూడు తీయడమేమిటి? కానీ అతుకు మాట ఎవరికి వినబడుతుంది?

నన్ను తీసే పని శుక్రవారం పదకొండింటికి పెట్టారు. మళ్లీ సన్యాసిరావు గారే పరుగెత్తుకొచ్చారు. "పదిన్నరకి రాహుకాలం పట్టెస్తాది రాజూ, ముందే కానిచ్చీ."

పైడిరాజు ముందుగానే మొదలుపెట్టాడు. చెల్లిలోంచి నన్ను ఊడబెరికి, కాల్స్ అన్నీ ఆమె మీదికి మళ్లించాడు. నేను అక్కలో ఒంటరిగా, కత్తి కింద మెడ పెట్టుకుని కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే మిక్సీల కంపెనీ యజమాని రంగనాయకులు గారు ఫోన్ చేశారు.

"మధ్యలో కాల్స్ తెగిపోతున్నాయని మాకు ఉత్తరాలు వస్తున్నాయండీ."

"మా దగ్గరా? ఎంతమాట సార్! ఒక్క నిమిషం లైన్లో ఉండండి, రిపోర్టు చదివి వినిపిస్తాను," అని సన్యాసిరావు గారు హోల్డు నొక్కారు.

పాట మోగింది. తెగిపోయింది.

ఆయన మళ్లీ చేశారు. ఈయన క్షమాపణ చెప్పి మళ్లీ హోల్డు నొక్కారు. మళ్లీ తెగిపోయింది. హాలంతా తల దించుకుని కంప్యూటర్లలోకి చూస్తోంది.

"ఏటిది? ఫోన్ కట్టయిపోతాదేటి?" అని సన్యాసిరావు గారు అరిచారు.

సత్యవేణి లేచి నిలబడింది. "గంగలో కలిసిపోనాది సార్. ఇన్నాళ్లూ ఇలాగే కలిపీవోళ్లం. కొత్త ప్యాచ్ ఉంటే కలవదు."

అంతా విన్న సన్యాసిరావు గారి మొహంలో రంగులు మారాయి. చేతిలో ఫోన్ మళ్లీ మోగుతోంది.

"రాజూ! అది మళ్లీ ఎక్కించీ!"

"అక్కలో ఇంకా ఉన్నాది సార్, అటు తిప్పితే చాలు. గానీ రాహుకాలం పట్టీసింది."

"రాహువుకి నేను చెప్పుకుంటాను, ముందు తిప్పరా బాబూ!"

కాల్స్ నా మీదికి వచ్చాయి. ఈసారి హోల్డులో పెట్టిన రంగనాయకులు గారు పాట మొత్తం విని, లైన్లోనే దర్జాగా మిగిలారు.

చెల్లిలోకి నన్ను మళ్లీ ఎక్కించారు. సాయంత్రం ఉద్వాసన మాట ఎవరూ ఎత్తలేదు. గోడ మీది మెరుపు దిగిపోయింది. కొన్నాళ్లపాటు సత్యవేణితో ఎవరూ టీకి వెళ్లలేదు. తర్వాత దాలినాయుడే తన మొండి కాల్స్ తెచ్చి ఆమెకి అప్పజెప్పి, ఆమె టీ డబ్బులు తనే ఇచ్చేవాడు.

ఇప్పుడు ప్రోగ్రాము కొత్తది వచ్చింది, నా రాత దానిలో కలిసిపోయింది. నేను మాత్రం 'పాతవి, తియ్యొద్దు' అనే పెట్టెలో పడి ఉన్నాను. ఇక్కడికీ హాలు మాటలు వినబడతాయి. ఇందాక ఎవరో కొత్త కుర్రాడు, మిక్సీ కాలిపోయిందని గోలపెడుతున్న ఆవిడతో అంటున్నాడు: "హలో, హలో? మీ గొంతు వినబడ్డం లేదండీ." ఆవిడ గొంతు నాకు శుభ్రంగా వినబడుతోంది.

కల్యాణసుందరి గారూ, ఈ చిల్లికి ఏం కత్తిరిస్తారో చూస్తాను.