కడిగిన కాళ్ళు

మూడో మనిషి కుడికాలు కడగడం అయ్యేసరికి తువ్వాళ్ళక్క వేళ్ళ సందుల్లో సబ్బునీళ్ళు కారం రాసినట్టు మండాయి. గుడి వెనక కుళాయి దగ్గర పన్నెండుమంది మగవాళ్ళు ప్యాంట్లు పైకి మడిచి బెంచీల మీద కూర్చున్నారు. సాయంత్రం పవిత్ర గురువారం ఆరాధనలో, ప్రభువు తన పన్నెండుమంది శిష్యుల కాళ్ళు కడిగినట్టే, ఫాదర్‌గారు మోకరించి వీళ్ళ పాదాలు కడుగుతారు. ఆయన కడిగేముందు అవి శుభ్రంగా ఉండాలి కదా! అందుకని ముందు కడిగేది ఈమె.

ఈ ఏర్పాటు ఫాదర్ల కింద గుడి పనులు చూసే ఉపదేశిగారిది. వెనకటి ఫాదర్‌గారు ఒకసారి కాళ్ళు కడిగే పళ్ళెంలో బురద చూసి ముఖం చిట్లించారట. అప్పట్నుంచి ఫాదర్లు మారారు గానీ పద్ధతి మారలేదు. ఇప్పటి ఫాదర్‌గారికి ఈ సంగతే తెలియదు. పోయినేడు, "మీ పాదాలు చూస్తేనే మీ భక్తి తెలుస్తోంది" అని మెచ్చుకున్నారు కూడా. ప్రభువు ఎంచుకున్నవాళ్ళలో జాలర్లుండేవారు. ఇక్కడ ఎంపిక ఉపదేశిగారిది కాబట్టి కాంట్రాక్టర్లున్నారు. మూడో మనిషి వాళ్ళలో ఒకడు.

ఆమెకి ఆ పేరు తెచ్చిన గుడి తువ్వాళ్ళు, గుడ్డలు బ్లీచింగు నీళ్ళలో ఉతికీ ఉతికీ అరచేతులు పగిలాయి. తడి తగిలి చీము పట్టిందంటే వేళ్ళు దక్కవంది డాక్టరమ్మ. వేళ్ళు దక్కకపోతే గుడి పనీ లేదు, బయట ఇళ్ళలో పాచిపనీ లేదు.

పొద్దున ఆడపడుచుతో ఈ గోడే వెళ్ళబోసుకుంది. ఆ పిల్ల వెళ్ళేది వేరే సహవాసానికి, ఫాదర్లు లేని సంఘానికి.

"మీ ఫాదర్ ఒక్కడే కడగడమేంటి వదినా? అందరూ కడగాలనేగా ప్రభువు చెప్పింది! మా దగ్గర ఒకరి కాళ్ళు ఒకరు కడుగుతాం."

"మీ సంఘపెద్ద భార్య కాళ్ళెవరు కడుగుతారే?"

"నేనే."

"మరి నీ కాళ్ళు?"

"ఆవిడకి నడుంనొప్పి వదినా, పాపం వంగలేదు."

మేడమీది టీచరమ్మది ఇంకో సంఘం. "కాళ్ళు కడగడమంటే మనసులో తగ్గించుకోవడం. దానికి నీళ్ళెందుకు?" అంటుందావిడ. ఈ అర్థమే తువ్వాళ్ళక్కకి బాగా నచ్చింది. ఆ సంఘంలో కనీసం తువ్వాళ్ళుండవు. కాకపోతే ఆ మాట విన్నప్పుడు ఆమె టీచరమ్మ అంట్లే తోముతోంది.

"ఉపదేశిగారూ, రబ్బరు తొడుగులైనా ఇప్పించండి" అంది ఇప్పుడు.

"దేవుడి పనికి తొడుగులేంటమ్మా? ప్రభువు ఉత్తచేతుల్తోనే కడిగాడుగా!"

"ఆయన ఏడాది పొడుగునా తువ్వాళ్ళు ఉతకలేదు కదండీ."

బెంచీల మీద నవ్వులు. కాంట్రాక్టరు అందరికంటే గట్టిగా నవ్వి, సిమెంటు పట్టిన ఎడమకాలు ముందుకు చాపాడు. ఆమె చేతిలోంచి ఒక నెత్తుటి చుక్క బకెట్లో పడి విచ్చుకుంది. ఆమె దాన్నే చూస్తూ ఉండిపోయింది. తరవాత సబ్బు గట్టు మీద పెట్టేసింది.

"ఇక నావల్ల కాదండీ."

"శిష్యుల్లో పెద్ద, పేతురంతటివాడే వద్దంటే ప్రభువు ఊరుకున్నాడా? నువ్వెంత?"

"పేతురు కడిగించుకోనన్నాడండీ. నేను కడగనంటున్నా. రెండూ ఒకటెలా అవుతాయి?"

ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అని ఆమెకే అనుమానం వచ్చింది.

"మరి మిగతావాళ్ళ సంగతి?" ఉపదేశి గొంతు తగ్గింది.

"కుళాయి అక్కడే ఉంది. వంగితే ఎవరి కాళ్ళు వాళ్ళకి అందుతాయి."

ఎవరూ వంగలేదు. ఒకరి ముఖాలొకరు చూసుకుంటూ ఉండగానే గంట మోగింది.

గుడిలో ఫాదర్‌గారు మోకరించారు. మొదటి ఇద్దరివీ ఎప్పటిలాగే మల్లెపువ్వుల్లాంటి కాళ్ళు. మూడోవాడి కుడికాలూ అంతే. ఎడమకాలు ముంచగానే పళ్ళెంలో నీళ్ళు బూడిదరంగుకి తిరిగాయి. ఫాదర్‌గారి చెయ్యి ఆగిపోయింది. తెల్లటి కుడికాలినీ, మురికి ఎడమకాలినీ మార్చి మార్చి చూశారు.

"నీళ్ళు మార్చాలి" అన్నారు మెల్లగా.

అలవాటుగా ఉపదేశి కళ్ళు ఆడవాళ్ళ వరసలోకి పరుగెత్తాయి. వాటి వెంటే ఫాదర్‌గారి కళ్ళూ వచ్చాయి. తువ్వాళ్ళక్క గుడ్డ చుట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మోకాళ్ళు వాటంతటవే లేవబోతుంటే మోచేతులతో అదిమిపెట్టింది.

ఫాదర్‌గారి చేతిలో ఉన్న కాంట్రాక్టరు కాలినుంచి ఇంకా నీళ్ళు కారుతూనే ఉన్నాయి.