మైకు తిప్పిన చోటు

శవపేటిక మూత పడేలోగా లువీనియా నిజం చెప్పాలి. చేతిలో రెండు నిమిషాలే ఉన్నాయి. మాట్లాడేవాళ్లు ఎవరైనా సరే రెండు నిమిషాలేనని కార్యక్రమం కాగితం మీద అచ్చేశారు. తెల్ల గ్లవుజులు తొడుక్కున్న చర్చి పెద్దావిడ పేటిక పక్కనే గడియారం పట్టుకుని నిలబడింది.

అమెరికాలోని మెంఫిస్‌లో నల్లవాళ్ల సోల్ పాటంటే లువీనియాదే. ఆ పేరు తెచ్చింది ఒకే ఒక్క రికార్డు. దాని చివర గుండె కోసేలా ఎగసే కేక మాత్రం ఆమెది కాదు, చెల్లెలు ఓర్లీన్‌ది. చర్చి బయటి పాట పాడిందని పాస్టరైన తండ్రికి తెలిస్తే చర్చి గాయకబృందం నుంచి గెంటేస్తాడని ఓర్లీన్ తన పేరు వేయనివ్వలేదు.

తండ్రి పోయాక ఒకే ఒక్కసారి అడిగింది. "ఇప్పుడైనా చెబుతావా అక్కా?"

"వచ్చే కచేరీలో చెబుతాలే."

ముప్పై ఏళ్లు గడిచాయి. ఇప్పుడు ఓర్లీన్ పేటికలో ఉంది.

లువీనియా మైకు అందుకుంది. "ఆ పాట చివర్లో... అది నేను కాదు."

"చెప్పు తల్లీ!" ఎవరు మాట్లాడినా వంత పలికే అలవాటుతో వెనక బెంచీల నుంచి అరిచారు.

"నిదానంగా చెప్పమ్మా, తొందరేం లేదు!"

ఆమె గొంతు వణకగానే ఆర్గన్ వాయించే డెల్రాయ్ అలవాటుగా కింద స్వరం కలిపాడు.

"నిజంగా చెబుతున్నా. అది ఓర్లీన్!"

"ఔను, ఓర్లీనే!" చప్పట్లు. దుఃఖంలో అంటోందనుకున్నారు. ఆర్గన్ ఇంకాస్త పైకి లేచింది.

తెల్ల గ్లవుజు వేలు లేచింది. ఇంకా ఒక్క నిమిషం.

మాటలతో పని జరగదని లువీనియాకు అర్థమైంది. ఆ పాట చివరి చరణం ఎత్తుకుంది. కేక రావాల్సిన చోటు వచ్చింది. ప్రతి కచేరీలోనూ సరిగ్గా అక్కడే మైకు జనం వైపు తిప్పేది, వాళ్లు వెర్రెత్తి అరిచేవాళ్లు. అదే ఆవిడ స్టయిలని పత్రికలు రాశాయి.

ఇవాళ మైకును పేటిక వైపు తిప్పింది.

అరవబోయిన నోళ్లు తెరుచుకుని అలాగే ఆగిపోయాయి. డెల్రాయ్ చేతులు ఆర్గన్ మీంచి లేచిపోయాయి. కేక ఉండాల్సినంత సేపూ చర్చిలో ఏ శబ్దమూ లేదు.

ముందు బెంచీలోంచి ఓర్లీన్ కూతురు జొనెల్ లేచింది. "పెద్దమ్మా... అది మా అమ్మేనా?"

లువీనియా తలూపింది.

"ఆ రికార్డు పెట్టినప్పుడల్లా అమ్మ చివర్లో వంటింట్లోకి వెళ్లిపోయేది. నువ్వంటే కుళ్లని ఏడిపించేదాన్ని." జొనెల్ పేటిక వైపు చూసింది. "అమ్మ వినేలా ఒక్కసారి చెబితే ఏం పోయేది నీకు?"

తెల్ల గ్లవుజులు మూత దించాయి.

లువీనియా మైకు మాత్రం దించలేదు.