పక్క సీటు బ్రేకు

చెల్లి సోమవారం మందుల వ్యానుకు డ్రైవరుగా చేరాలి. ఆలోపు చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి: లైసెన్సు నకళ్ళు తీయించాలి, యూనిఫాం చేతులు కురచ చేయించాలి, దాని కళ్ళద్దాలు మార్పించాలి, డిపో మేనేజరుకు ఫోన్ చేయాలి. అన్నిటికంటే ముందు, నాన్న కాలు సాయం లేకుండా అది బండి నడపగలదో లేదో చూడాలి. ఈ చివరి పని నేను చేర్చాను. ఇంట్లో ఎవరికీ నచ్చలేదు.

నాన్న డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. నేర్పే కారులో ఆయన సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. అందరూ ఆయన్ని బంగారు కాలు మాస్టారు అంటారు. ఆయన పక్కనుంటే బండికి గీత పడదు. పరీక్షంటారా, ఖాళీ మైదానంలో రెండు మలుపులు, ఒక రివర్సు. ఆయన శిష్యులందరికీ మొదటిసారికే లైసెన్సు వచ్చేస్తుంది.

కిందటి నెల ఆయన దగ్గర నేర్చుకున్న నర్సింగ్ పిల్ల, లైసెన్సు వచ్చిన వారానికే, పట్టపగలు ఆగి ఉన్న లారీని గుద్ది చనిపోయింది. కంగారు పడిందన్నారు అందరూ. ఆ కారును షెడ్డుకు తెచ్చిన మెకానిక్ మాత్రం నాతో, "బ్రేకులు శుభ్రంగా ఉన్నాయమ్మా. నొక్కలేదంతే," అన్నాడు. ఆ మాట నాకు మింగుడు పడలేదు.

ఆదివారం ముగ్గురం స్కూలు కారులో బయల్దేరాం. నేను వెనక కూర్చున్నాను.

"కాళ్ళు పైకి పెట్టుకో నాన్నా."

"ఈ వయసులో బాసింపట్టా? మోకాళ్ళు ఒప్పుకోవద్దూ?"

చెల్లి అద్దంలో నన్ను చూసి మూతి తిప్పింది. "అక్క డిగ్రీ పాసైన దగ్గర్నుంచి మనకందరికీ పరీక్షలే."

నాన్న చెప్పులు విప్పి, మూలుగుతూ కాళ్ళు సీటు మీదికి లాక్కున్నాడు.

గోదాముల రోడ్డు మీద బండి చక్కగా సాగింది. మలుపుల దగ్గర, సిగ్నళ్ళ దగ్గర చెల్లే బ్రేకు వేసింది. అనవసరంగా అనుమానించానని నాకే సిగ్గేసింది.

అప్పుడు ఒక గేటులోంచి తోపుడు బండి ఒకటి వెనక్కి వెనక్కి రోడ్డు మీదికి వచ్చేసింది. చెల్లి చూసింది. "అయ్యో, బండి," అని పైకే అంది. స్టీరింగు గట్టిగా పట్టుకుంది. అంతే. కాలు కదలలేదు.

నాన్న హ్యాండ్‌బ్రేకు లాగాడు. కారు అడ్డం తిరిగి, తోపుడు బండి చక్రాన్ని రాసుకుని ఆగింది. బండివాడు మమ్మల్ని నానా మాటలూ అని వెళ్ళిపోయాడు.

"ఏంటి నాన్నా, నొక్కలేదేం?" అంది చెల్లి.

అన్నాక దానికే తెలిసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నాన్న కాళ్ళు కిందికి దించబోయి, మళ్ళీ పైకే పెట్టుకున్నాడు. 

"ఆ పిల్ల కూడా నా కాలు కోసమే చూసి ఉంటుందే. పాపం, భయపడుతుందని ఎప్పుడూ నేనే ముందు నొక్కేవాణ్ణి. పైగా, భలే ఆపావమ్మా అనేవాణ్ణి."

చెల్లి ఆ ఉద్యోగంలో చేరలేదు. వ్యాను వేరేవాళ్ళకిచ్చారు. చివరి పాఠాలకైనా తన వైపు బ్రేకు తీయించమని నాన్న స్కూలు ఓనరును అడిగాడు.

"బండ్లు గుద్దించుకోడానికా మాస్టారూ? మీ కాలు చూసేగా జనం వచ్చేది," అన్నాడాయన.

ఇప్పుడు నాన్న ప్రతి శిష్యుణ్ణీ ఖాళీ స్థలానికి తీసుకెళ్ళి, కాళ్ళు మడుచుకుని కూర్చుని, చెప్పాపెట్టకుండా "ఆపు" అని అరుస్తున్నాడు. మాస్టారికి చాదస్తం పట్టిందని కొందరు వేరే స్కూలుకు మారిపోయారు. చెల్లి మొదటి నుంచి నేర్చుకుంటోంది. రోజూ సాయంత్రం, "ఇంకా రాలేదు," అంటాడు నాన్న. అది ఎదురు చెప్పదు.

మీ ఇంట్లో ఎవరికైనా కొత్తగా లైసెన్సు వస్తే, తాళాలు చేతిలో పెట్టే ముందు, నేర్చుకున్నన్నాళ్ళూ మా నాన్న ఒక్క తప్పూ చేయనివ్వని ఆ నర్సింగ్ పిల్లను దయచేసి ఒక్కసారి తలుచుకోండి.