కేక వెయ్యని ఆట

ప్రశాంతికి కాలు ఒకచోట నిలవదు, చెయ్యి ఫోన్ వదలదు. దొనకొండ దగ్గర పల్లె నుంచి మార్కాపురం కాలేజీకి బస్సులో వస్తా చదరంగమే, పోతా చదరంగమే. అదీ మూడు నిమిషాల ఆట. తన మూడు నిమిషాలు అయిపోయినాయంటే, రాజు ఎంత భద్రంగా ఉన్నా ఓడిపోయినట్టే. ఈసారి యూనివర్సిటీ పోటీలు ఆన్‌లైన్‌లో ఇట్లనే పెడతారంట. కాలేజీ ఆడపిల్లల జట్టులో ఒక్క చోటు ఖాళీగా ఉంది. ఆ చోటు ఆమెకి కావాల, ఇంకేం వద్దన్నంతగా కావాల.

కానీ ఆడేకొద్దీ రేటింగ్ జారతా వచ్చింది. ఓడిన కసితో ఇంకో ఆట, ఆ కసితో మరొకటి. ఆటలు నేర్పే విజయ మేడం చూసి ఫోన్ లాక్కున్నంత పని చేసింది.

"ఏందే ఇది, ఆటా జూదమా? వారం రోజులు ఆట ముట్టుకోవద్దు. గుర్రంతో రెండింటిని ఒకేసారి బెదిరించే పజిల్స్ చెయ్యి, అంతే. ఓడిన ఆటలు మళ్ళీ తిప్పి చూడు, ఎక్కడ నాన్చుతా కూర్చున్నావో నీకే తెలుస్తుంది."

వారం ఆడకుండా ఉండటమంటే ప్రశాంతికి ప్రాణం మీదికొచ్చింది. వేళ్ళు ఊరుకుంటేనా! అయినా పళ్ళు బిగబట్టి చేసింది. ఆ తర్వాత బోర్డు చూడంగానే గుర్రం ఎక్కడికి దూకాల్నో దానంతటదే కనపడబట్టింది. రేటింగ్ ఎగబాకింది.

శనివారం ఆ చోటు కోసం ప్రశాంతికీ, ఆమె క్లాసే చదివే స్వర్ణలతకీ ఆట పెట్టినారు. పక్కనుంచి ఎవరూ చెప్పకుండా ఇద్దర్నీ ఒకే బల్లకి అటూ ఇటూ ఫోన్లతో కూర్చోబెట్టి, మేడం మధ్యలో నిలబడింది. ఆట మంచి పట్టులో ఉండంగా ప్రశాంతి గుర్రం స్వర్ణలత మంత్రిని కొట్టే గడిలోకి దూకింది. ఆ పిల్ల చూసుకోలేదు, ఏదో మూల బంటును జరపబోతా ఉంది.

"మంత్రీ!" అని కేకేసింది ప్రశాంతి.

ఇంకేముంది! స్వర్ణలత ఉలిక్కిపడి మంత్రిని తప్పించుకుంది. చివరికి ఇద్దరికీ రాజులే మిగిలినాయి, ఆట సమం. సోమవారం మళ్ళీ ఒకటే ఆట, గెలిచినోళ్ళకే చోటు అనింది మేడం.

ఆ కేక వాళ్ళ నాయన ఏసురత్నం నేర్పింది. ఇప్పుడు పొలం కూలికి పోతాడు గానీ, వయసులో ఉన్నప్పుడు మార్కాపురం పలకల క్వారీలో పని చేసినాడు. పైనుంచి రాయి దొర్లించే ముందు కిందోళ్ళకి కేక వెయ్యనోణ్ణి అక్కడ మనిషి కింద జమకట్టరు. అన్నాలు తిన్నాక పలక మీద గళ్ళు గీసుకుని ఆడే చదరంగంలోనూ అదే పద్ధతి. మంత్రి మీదికి పోతే నోరు తెరిచి చెప్పాల. ప్రశాంతి ఫోన్లో ఆడేటప్పుడూ చెప్తానే ఉండింది. ఫోన్ అవతలోళ్ళకి వినపడదు గదా, ఏ ఇబ్బందీ రాలేదు.

ఆదివారం ప్రార్థన నుంచి వస్తానే నాయన మీద ఎగిరింది. "అంతా నీవల్లే! నువ్వు నేర్పిన పాడు అలవాటు వల్లే!"

ఏసురత్నం పాత పలక దించి గవ్వలూ రాళ్ళూ పేర్చి, కూర్చోమన్నాడు. నోట్లోంచి కేక రాకుండా తువ్వాల కొస పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. కాసేపటికి ఆమె మంత్రిని కొట్టేసినాడు.

"నాయనా, చెప్పలేదే!"

ఆయన తలకాయ అడ్డంగా ఊపి మళ్ళీ పేర్చినాడు. మళ్ళీ కొట్టినాడు. ఆమెకి ముందు కోపం, ఆ పైన ఏడుపు వచ్చింది. ఒక్కనాడూ తన మంత్రిని చెప్పకుండా ముట్టుకోని మనిషి! పొద్దు వాలేసరికి ఆమె కూడా నోరు మెదపకుండా ఆయన మంత్రిని ఎత్తేసింది. అప్పుడు తువ్వాల తీసి, "ఇట్లనే ఆడు," అన్నాడు. మొహం మాత్రం ఇటు తిప్పలేదు.

సోమవారం మళ్ళీ అదే బల్ల. గుర్రం దూకింది. ప్రశాంతి కేక రాకుండా పెదాలు బిగబట్టింది. స్వర్ణలత హడావుడిలో ఏనుగును జరిపింది. ప్రశాంతి మంత్రిని కొట్టింది. ఇంకో నాలుగెత్తులకి ఆట ముగిసింది.

"జట్టులో చేరినావ్ పో!" అని మేడం భుజం తట్టింది. ప్రశాంతి గుండె గంతులేసింది. వెంటనే నాయనకి ఫోన్ కొట్టింది.

"గెల్చినా నాయనా! మంత్రిని కొట్టేసినా!"

"చెప్పినావా?"

"చెప్పలే."



"ఆ పిల్ల ఏడ్చిందా అమ్మా?"

ప్రశాంతి తల తిప్పింది. ఎదురు కుర్చీ ఖాళీగా ఉంది. ఎప్పుడు లేచిపోయిందో ఏమో.

"చూడలేదు నాయనా."

"పోయి చూడు పో," అని ఏసురత్నం ఫోన్ పెట్టేసినాడు.

ప్రశాంతి చెప్పులన్నా వేసుకోకుండా వరండాలోకి పరిగెత్తింది.