అన్నీ నాయి

మా తమ్ముడు బుధుకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు, నోరు ఒక్కసారే పడిపోయాయి. చెయ్యీ కాలూ పడిపోయినందుకు బంధువులంతా ఏడ్చారు. నోరు పడిపోయినందుకు మాత్రం అరకులో కొందరు లోలోపల హమ్మయ్య అనుకునే ఉంటారని నా అనుమానం. నర్సరీలో మాలీగా చేసిన రోజుల్లో, మొక్క కొనడానికి వచ్చినవాణ్ణి కూచోబెట్టి, ఆ మొక్క పూతకొచ్చేదాకా కబుర్లు చెప్పే మనిషి వాడు.

నేను వాడి అక్కని. పేరు ఈశ్వరమ్మ. ముంచింగిపుట్టు ఆశ్రమ పాఠశాలలో పిల్లలకి తెలుగు చెప్పి రిటైరయ్యాను. తెలుగు టీచర్నన్న ముక్క ముందే ఎందుకు చెబుతున్నానో చివర్లో మీకే తెలుస్తుంది. అదేమంత సరదాగా చెప్పుకునే సంగతి కాదు.

విశాఖ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ బుధు నోరు విప్పలేదు. వాణ్ణి అరకు ఇంటికి తెచ్చేసరికి నాకు కంటి ఆపరేషను పడింది. కట్టు విప్పించుకుని ఇంట్లో కూచున్న రోజుల్లో వాడి కొడుకు మణిదీప్ ఫోన్ చేశాడు. విజయనగరంలో బ్యాంకు ఉద్యోగం వాడిది. తండ్రి కోసం సెలవు పెట్టి, పెళ్లాం సౌందర్యతో సహా అరకులోనే ఉంటున్నాడు.

"అత్తా! నాన్నకి మాటొచ్చింది!"

"నా తండ్రే! ఏటన్నాడ్రా?"

"నాయి అన్నాడు."

"ఏటి నాయి?"

"అన్నీనూ! మేకపిల్లని సూపిత్తే నాయి అంటాడు. కాఫీ బస్తా సూపిత్తే నాయి. సౌందర్య సెల్‌ఫోను కూడా నాయే అంటన్నాడు అత్తా!"

నేను ఫోను చెవి దగ్గర్నుంచి తీసి దానివంక ఓసారి చూశాను. బుధు 'నావి' అనడమేమిటి? వానలో ఎవడైనా గొడుగు అడిగితే ఇచ్చేసి, తడుసుకుంటూ ఇంటికొచ్చి, వదిన చేత తిట్లు తిన్న మనిషి వాడు.. వదినంటే మా మరదలేలెండి, పోయి చాలాకాలమైంది, ఊరంతా వదిన అని పిలిచేవాళ్లు. అటువంటివాడికి ముసలితనంలో ఆశ పుట్టుకొచ్చిందంటే ఎవరు నమ్ముతారు?

"మెదడులో నరం దెబ్బతింటే లోపల దాసుకున్న ఆశలన్నీ బైటికొస్తాయంట అత్తా. వీడియోలో సెప్పారు," అన్నాడు మణిదీప్. ఈ కాలంలో వీడియోలో చెప్పనిదేముంది!

అసలు సంగతి ఆ తర్వాత వచ్చింది. శుక్రవారం వ్యాను మాట్లాడాడట. తండ్రిని విజయనగరం తీసుకుపోయి తన దగ్గరే ఉంచుకుంటాడట. మూడో అంతస్తు. లిఫ్టు లేదు. ఒకసారి పైకెక్కించారంటే బుధు మళ్లీ నేలమీద కాలు పెట్టేది నలుగురు మోసుకుని దింపినప్పుడే. "సామాన్లన్నీ నాయి నాయి అంటన్నాడు కదా, అన్నీ వేసుకునే పోతాం," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. తీసుకుపోతే గీసుకుపోతే వాణ్ణి నేను తీసుకుపోవాలి. ముంచింగిపుట్టులో నాకు సొంత ఇల్లుంది, పెన్షనుంది, మెట్టు అన్నది లేని వాకిలుంది. నా కోళ్లు, నా టీవీ వదులుకునే పని కూడా లేదు. చెప్పుకోవాలి కదా, ఈ చివరి రెండూ నా లెక్కలో కాస్త ముందే ఉన్నాయి. గురువారం మొదటి బస్సు పట్టుకున్నాను.

అరకులో బుధు ఇల్లు రోడ్డు పక్కన. ఆ వీధిలో అంతా కింద మైదానం నుంచి వచ్చిన వ్యాపారులే. మా సొంతూరి వాళ్లు చూడ్డానికి వస్తే, ఇన్ఫెక్షన్ అంటుకుంటుందని మణిదీప్ గుమ్మం దగ్గరే ఆపేసి, పళ్లు మాత్రం పుచ్చుకుని పంపేశాడట. పళ్లకి ఇన్ఫెక్షన్ ఉండదు కాబోలు!

లోపలికి వెళ్లి చూద్దును కదా, మా తమ్ముడు కనబడలేదు. గది నిండా సామానే. మంచం చుట్టూ కాఫీ బస్తాలు, మిరియాల డబ్బాలు, గొడ్డలి, పాత రేడియో, రెండు బొంతలు, ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిమీద ఒకటి. మంచంకోడుకి మేకపిల్లని కట్టారు. అది దుప్పటి అంచు నములుతోంది. ఆ సామాన్ల మధ్య కాస్త తొంగిచూస్తే బుధు ముక్కు కనబడింది.

ఆ ముక్కు పక్కన వరహాలరావు కూచున్నాడు. ఎదురింటివాడు, శృంగవరపుకోట నుంచి వచ్చి టూరిస్టులకి బొంగులో చికెన్ అమ్ముతాడు. కోడిని బొంగులో కూరడం వచ్చినవాడికి వైద్యం రాకపోతుందా! పావురాన్ని కోసి, ఆ రక్తం మా వాడి కుడికాలికి పట్టిస్తున్నాడు.

"నాయ్," అన్నాడు బుధు.

"నీదేలే మావా, ఈ పావురం నీదే. ఎవుడూ ఎత్తుకుపోడు," అని ఇంకాస్త పట్టించాడు వరహాలరావు.

ఇటుపక్క నుంచి సౌందర్య చోడి అంబలి, అదే రాగి జావ, చెంచాతో నోటికి అందించింది. మంచి పిల్ల. రంపచోడవరం పిల్ల, తెలుగు తప్ప వేరే భాష ఎరగదు. బుధుకి పొలమారింది. కళ్లవెంట నీళ్లు. "నాయ్!" అన్నాడు.

"మీదే మావయ్యా, గిన్నెడూ మీదే. తాగండి," అని ఇంకో చెంచా.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఫోనులో మణిదీప్ నోటివెంట విన్నప్పుడు అది తెలుగే. మా తమ్ముడి నోటివెంట విన్నప్పుడు కాదు.

"ఒరే సచ్చినోళ్లారా! ఆపండర్రా!" అని అరిచాను. మేకపిల్ల కూడా నమలడం ఆపింది. "అది తెలుగు కాదర్రా! నాయ్ అంటే వద్దు! వద్దురా బాబూ, వద్దు!"

మాది ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇల్లు. నేనూ బుధూ పుట్టి పెరిగిన మాట అది. వద్దు, లేదు, కాదు అన్నిటికీ కలిపి మాకు ఒక్కటే మాట, నాయ్. వాడి మెదడులో నరం దెబ్బతిని, తర్వాత నేర్చుకున్న తెలుగంతా కొట్టుకుపోయింది. ఎవరైనా మాట్లాడితే అర్థమవుతోంది, తిరిగి అనడానికి నాలుకమీదికి రావడంలేదు. అడుగున మిగిలింది అమ్మ నేర్పిన ఈ ఒక్క ముక్క.

ఇక ఆలోచించండి. మేకపిల్లని ఇక్కడ కట్టమంటావా? వద్దు. కట్టేశారు. బస్తాలు దగ్గర పెట్టమంటావా? వద్దు. పెట్టేశారు. వద్దన్నకొద్దీ తెచ్చి పోశారు. ఇన్నాళ్లుగా వాడు వద్దు వద్దని మొత్తుకుంటే వీళ్లేమో, అయ్యో పాపం, ఎంత ఆశో అనుకున్నారు.

మణిదీప్ పెరట్లోంచి పరుగున వచ్చాడు. విషయం చెబితే నమ్మలేదు. నా కంటి ఆపరేషను మెదడుకి ఎక్కిందేమో అన్నట్టు చూశాడు.

"అయితే నువ్వే అడుగు," అన్నాను.

"నాన్నా, ఈ మేకపిల్ల.. తీసేద్దునా?"

బుధు మాట్లాడలేదు.

"ఉంచుదునా?"

"నాయ్."

మేకపిల్ల బయటికి పోయింది. ఆ వెనకాల బస్తాలు, రేడియో, గొడ్డలి, కుర్చీలు ఒక్కొక్కటే పోయాయి. వాడికి 'ఊఁ' అన్న మాట లేదు కాబట్టి, వాడు నాయ్ అనకపోతే ఊఁ అన్నట్టు. తేలిక లెక్కే. వరహాలరావు వంతు వచ్చింది. "పావురం రక్తం మటుకు పనిసేత్తాది మావా, ఉంచీమంటావా?" అన్నాడు ఆశగా.

"నాయ్! నాయ్!"

రెండుసార్లు అన్నాడు. వరహాలరావు మొహం ముడుచుకుని, మిగిలిన పావురాన్ని మాత్రం మరిచిపోకుండా తీసుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం ఏ టూరిస్టు తిన్నాడో పాపం.

"నడిపించమని కర్ర ఇచ్చారు కదరా ఆసుపత్రిలో. ఏదది?" అన్నాను.

సౌందర్య నాలుక కరుచుకుంది. "బీరువాలో ఉంది పెద్దత్తయ్యా. కర్ర తీసేసి దాచమంటారా అని అడిగితే, నాయి అన్నారు. ఆయనదే కదా, ఎవరూ తీసుకోకుండా తాళం వేశాను."

నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. రెండూ అయ్యాయి. కర్ర తెచ్చి మంచం పక్కన ఆనించితే, మా తమ్ముడి ఎడమచెయ్యి మెల్లగా పాకుతూ వెళ్లి దాన్ని పట్టుకుంది. మళ్లీ వదల్లేదు.

మణిదీప్ మంచం అంచున కూలబడ్డాడు. "నాన్నా, రేపు విజయనగరం రావేటి?"

"నాయ్."

"నాకాడికి రావా?"

"నాయ్."

వాడి కళ్లు ఎర్రబడ్డాయి. "నాకెందుకు నేర్పలేదు అత్తా ఈ మాట? ఒక్క ముక్క! కన్నతండ్రి వద్దంటే అర్థం కాలేదు నాకు. నోట్లో కుక్కాం కదా! ఎవులు నేర్పొద్దన్నారు?"

ఎవరేమిటి, ఆ మంచమ్మీద ఉన్న మహానుభావుడే. మన మాట నోట్లో పడితే పిల్లాడికి ఉద్యోగం రాదని ఇంట్లో నిషేధం పెట్టాడు. నేను చుట్టపుచూపుగా వస్తే కూడా, "అప్పా, గుంటడి ముందర తెలుగే మాటాడు," అని అక్కనైన నా నోరు మూయించేవాడు. ఉద్యోగం వచ్చింది, బాగానే ఉంది. నాయ్ అంటే ఏమిటో తెలియని కొడుకు కూడా వచ్చాడు.

నేను మంచంవైపు చూశాను. మణిదీప్ తండ్రి మొహంలోకి చూసి, "నువ్వేనా నాన్నా?" అన్నాడు.

బుధు నాయ్ అనలేదు. కళ్లు మూసుకున్నాడు.

కాసేపటికి మణిదీప్ ముక్కు చీదుకుని, వ్యానువాడికి ఫోన్ చేసి వద్దని చెప్పాడు. "మరి ఎవులు సూత్తారు అత్తా? సోమవారం నుంచి నాకు సెలవు నేదు," అన్నాడు.

ఈ ముక్క కోసమే కదా నేను బస్సెక్కింది. చీరకొంగు సర్దుకున్నాను. వాళ్లందరికీ తెలియని మాట తెలిసినదాన్ని, తోడబుట్టినదాన్ని, మెట్లులేని వాకిలి ఉన్నదాన్ని. "ఎవులు సూడ్డమేటి? నేను లేనూ? వాడి మనసులో ఏటుందో నాకు తెలుసురా. మీ తెలుగుకి తెలీదు," అని, తమ్ముడి పక్కన కూచుని, ఎవరూ వంక పెట్టడానికి వీల్లేకుండా అచ్చంగా మా ఒడియాలోనే అడిగాను. మా ఇంటికి పోదాం, వస్తావా?

బుధు నావైపు తిరిగాడు. చాలా స్పష్టంగా అన్నాడు.

"నాయ్."

బయట మేకపిల్ల అరిచింది. సౌందర్య ఎంతో వినయంగా, "ఇది ఏ భాషలో అన్నారు పెద్దత్తయ్యా?" అంది.

"తెలుగే," అన్నాను తడుముకోకుండా. "నువ్వు నా మనిషివి అంటన్నాడు."

"నాయి అంటే మేకలకీ బస్తాలకీ కదండీ. మనుషులనైతే నావాళ్లు అనాలి కదా. మీరు టీచరు కదా, మీకు తెలియనిదా!"

చూశారా? ఇందుకే చెప్పాను ముందే. ఏకవచనంలో 'నాది' అయితే ఆడదాన్నీ, మేకనీ, బస్తానీ మన వ్యాకరణం ఒకే పీటమీద కూచోబెట్టింది, ఆ సందులోంచి తప్పించుకునేదాన్ని. నాయి బహువచనం. బళ్లో ఎందరి చేతనో బల్లెక్కించి వల్లెవేయించిన పాఠం నా నెత్తిమీదే వచ్చి పడింది. మణిదీప్ గోడవైపు తిరిగి నవ్వుకుంటున్నాడు. భుజాలు కదులుతున్నాయి, దొంగవెధవ!

నాకు కోపం నషాళానికంటింది. సిగ్గు కూడా వేసింది. అంతకంటే ఎక్కువ బాధ కలిగింది. కళ్లకి మందు వేసుకోవడం కూడా మానుకుని పరుగెత్తుకుని వస్తే, కొడుక్కి చెప్పిన మాటే నాకూ చెబుతాడా? కొడుకూ నేనూ ఒకటేనా వీడికి? సంచి భుజానికి తగిలించుకున్నాను.

"అయితే కింద విజయనగరం రావు. పైన ముంచింగిపుట్టూ రావు. ఈ ఇంట్లోనే ఒక్కడివీ కూకుంటావు. కూకో! నీకు అంబలి ఎవులు పోత్తారో, స్నానం ఎవులు సేయిత్తారో ఆ మేకనే అడుగు. నాకు కోళ్లున్నాయి. నాకు ఇల్లుంది. నేనెలిపోతన్నాను," అని గుమ్మం దాకా వెళ్లాను. వెళ్లినదాన్ని వెళ్లొచ్చు కదా, ఉండబట్టక వెనక్కి తిరిగాను. "ఏటి, ఎలిపోనా?"

బుధు కర్రని పట్టుకున్న చేతిని బిగించి, మంచమ్మీంచి తల ఎత్తడానికి చూశాడు. మూతి ఒకపక్కకి లాగేసింది. మాట రావడానికి చాలాసేపు పట్టింది.

"నాయ్."

ఇది ఏ భాషని ఎవరూ అడగలేదు. సంచి దానంతటదే భుజమ్మీంచి జారిపోయింది. ముంచింగిపుట్టులో పక్కింటి యర్రమ్మకి ఫోన్ చేసి, కోళ్లని ఆమే ఉంచుకోమన్నాను. టీవీ సంగతి ఎత్తలేదు. ఎత్తితే ఏడుస్తాను.

మొహం కడుక్కుని వచ్చి, వాడి కాలిమీది పావురం రక్తం తడిగుడ్డతో తుడిచాను. కుడిచంక కింద చెయ్యి వేసి, "లెగు. అరుగు దాకా నడు. బేగి," అన్నాను.

"నాయ్," అన్నాడు బుధు.

అది మాత్రం నాకు వినబడలేదు.