పొగ లేని గూడెం

రహీం ఓ కాగితపు పొట్లం తెచ్చి టేబుల్ మీద పెట్టి, నోరు మెదపకుండా నిలబడ్డాడు. గ్రేస్‌కు అప్పుడే అనుమానం రావాల్సింది. యూనివర్సిటీలోని ఇంధన, పరిరక్షణ కేంద్రం కోసం పదకొండేళ్లుగా ఊరూరా పొయ్యిలు కడుతున్న మేస్త్రీ అతను. నోరు తెరిస్తే మూయడం తెలియని మనిషి.

"యాకమ్మవ్వ పంపింది మేడం. మీ చేతికే ఇయ్యమన్నది."

"ఏమన్న చెప్పమన్నదా?"

"ఏం చెప్పలే. గదే నాకు పరేషాన్."

పొట్లంలో ఎర్రజొన్న కంకులు. కొత్తగూడ అడవిలో, గుట్ట కింది గూడెంలో పోడు చేలల్లో పండే జొన్న. చుట్టుపక్కల ఊళ్లన్నీ ఎప్పుడో పత్తిలోకి, కంపెనీ మక్కలోకి పోయాయి. ఆ అరవై రెండు ఇళ్లవాళ్లు మాత్రం తాతల నాటి విత్తనాన్ని వదల్లేదు. అమ్మరు, కొనరు, ఒకరికి లేకపోతే ఇంకొకరు దోసెడు పెడతారు, అంతే. గ్రేస్ ఒక కంకిని పట్టుకుని దులిపింది. భూపాలపల్లి ఊళ్లకు పంపాల్సిన పొయ్యిల ఫైలు మీద తెల్లగా పిండి రాలింది. ఆ పిండిలోంచి ఒక నల్ల పురుగు, తన ఇంట్లోంచి తాను వచ్చినంత నింపాదిగా నడుచుకుంటూ బయటికొచ్చింది.

గ్రేస్ మిగతా కంకులన్నీ దులిపింది. అన్నింట్లోనూ పిండే.

ఆమెకు పొగ అంటే ఎంత కసో కేంద్రంలో అందరికీ తెలుసు. నర్మెట్టలో వాళ్లమ్మ ఎల్లక్క నలభై ఆరేళ్లకే దగ్గి దగ్గి చచ్చిపోయింది. జనగామ దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే చూసి, "చుట్టలు తాగేదా?" అని అడిగాడు. చుట్టా లేదు, బీడీ లేదు. ముప్పై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చుంది, అదే ఆమె చేసిన పాపం. ఆ రోజు నుంచి గ్రేస్ పొగ మీద పగబట్టింది. చదివింది, పరిశోధన చేసింది, వానకు కురిసే ఒక్క గదిలో కేంద్రం మొదలుపెట్టి ఇంతదాకా తెచ్చింది. పొగగొట్టం పెట్టిన పొయ్యి, తక్కువ కట్టెలు, అడవి మిగులు, ఆడవాళ్ల ఊపిరి మిగులు. ఇందులో తప్పేముంది? ఏమీ లేదు. ఈ కథలో ఏడుపంతా అదే.

గూడెంలో మొదట ఒప్పుకున్నది యాకమ్మే. ఆమె దగ్గు వింటుంటే గ్రేస్‌కు తల్లి గుర్తొచ్చి నిలబడలేకపోయింది. "మా అమ్మ గిట్లనే పోయింది అవ్వా" అని చేతులు పట్టుకుని ఏడ్చింది. యాకమ్మ కరిగిపోయింది. గూడెం మొత్తాన్నీ కూర్చోబెట్టి, ఒక్క ఇంటివాళ్లు తప్ప అందరిచేతా మాట ఇప్పించింది: ఇక పాత పొయ్యి ముట్టించేది లేదని.

కానీ ఆ రోజే ఒక మాట అడిగింది కూడా. "పొయ్యి మీద దూలానికి విత్తనం కంకులు కడ్తం బిడ్డా. పురుగు పట్టొద్దంటె వాటికి పొగ తాకాలె. ఎట్ల మరి?"

"డబ్బాలిస్త, మూత బిగించి పెట్టుకో అవ్వా" అంది గ్రేస్, నవ్వుతూ. నోట్‌బుక్‌లో 'పాత అలవాటు' అని రాసుకుని పేజీ తిప్పేసింది. అవ్వ మాటకు ఆ చదువుకున్న తల్లి ఇచ్చిన విలువ రెండే రెండు ముక్కలు!

ఇప్పుడు ఆమె వంద గింజలు ఏరి, తడి గోనెసంచిలో పరిచింది. పొగను కొలిచే యంత్రాలున్న ల్యాబులో, వాటి పక్కనే పెట్టి, పూటపూటకూ నీళ్లు చల్లింది. మిరుగం కార్తె దగ్గర పడింది. వానలు మొదలైతే విత్తాలి. నాలుగో రోజు విప్పి చూస్తే ఒక్క గింజకూ మొలక లేదు. తెలిసిన విత్తన శాస్త్రవేత్తలందరికీ ఫోన్ చేసింది. ఆ జొన్న ఎవరి దగ్గరా లేదు. రెండేళ్లుగా ఆ గూడేనికి వస్తూ పోతూ ఉన్నది తానే కదా, ఒక్క గుప్పెడు తెచ్చి దాచి ఉంటే? కేంద్రం బోర్డు మీద 'పరిరక్షణ' అని మూడు భాషల్లో రాసి ఉంది. ఆ బోర్డు కింద నుంచి నడుస్తుంటే ఆమెకు సిగ్గేసింది.

"కొత్తగూడ పోదాం పా రహీం. లక్ష్మా ఇంట్ల ఇంత జొన్న ఉంటది."

"లక్ష్మా ఇంట్లనా?" అన్నాడు రహీం. జీపు తాళాలు అందుకున్నాడు.

జీపు మహబూబాబాద్ దాటేవరకూ ఆమె ఆ ఒక్క పేరే పట్టుకుని కూర్చుంది. లక్ష్మా ముసలివాడు, మహా మొండివాడు. అరవై ఒక్క ఇళ్లు పొయ్యి మార్చుకున్నా తాను మార్చుకోనన్నాడు. ఆ ఒక్క ఇంటివల్లే 'పొగ లేని గూడెం' అనే బోర్డు పెట్టడం ఆగిపోయింది. గ్రేస్ రెండుసార్లు వెళ్లి బతిమాలింది. మూడోసారి, మేడారం జాతర అయిన వారానికి వెళ్లి, "నీ కోడలు ఊపిరి గురించి ఆలోచించవా?" అని కోప్పడి, గడ్డపార అందుకుని, పైన దూలం వైపు చూడనైనా చూడకుండా, పాత పొయ్యిని తన చేతులతోనే పగలగొట్టింది. ఆయన గడపలో కూర్చుని చూశాడే తప్ప అడ్డం రాలేదు. అది జరిగి నాలుగు నెలలే. అంతకుముందు పట్టిన పొగ ఆయన విత్తనాన్ని కాపాడి ఉండదా? దేవుడా, ఒక్క దోసెడు ఉంచు తండ్రీ అని ప్రార్థన చేసుకుంది.

గూడెం చేరేసరికి మబ్బులు గుట్ట మీదికి దిగాయి. లక్ష్మా ఆమెను చూసి నులకమంచం వాల్చాడు, కోడలితో నీళ్లు ఇప్పించాడు. యాకమ్మ కూడా వచ్చి కూర్చుంది.

"బాపూ, నీ దగ్గర జొన్న ఉన్నదా?"

ఆయన లోపలికెళ్లి కేంద్రం ఇచ్చిన డబ్బాను దొర్లించుకుంటూ తెచ్చాడు. మూత తీస్తే ముక్క వాసన గుప్పుమంది. గ్రేస్ భుజం దాకా చెయ్యి పెట్టింది. పిండి, పొట్టు, కదులుతున్న పురుగులు. అడుగుదాకా దేవింది. అడుగునా అదే.

"ఇంతెందుకున్నది బాపూ? ఒక్క ఇంటికి ఇంతా?"

లక్ష్మా యాకమ్మ వైపు చూశాడు. యాకమ్మ తల దించుకుంది.

"ఒక్క ఇంటిది కాదు బిడ్డా. గూడెమంతటిది" అన్నాడు లక్ష్మా. "కోతలైనంక అందరిండ్లల్ల డబ్బాలకు పురుగు పట్టబట్టె. మంచి కంకులన్ని ఏరి తెచ్చి నా పొయ్యి మీద కట్టిన్రు. నా ఒక్కని ఇంట్లనే గద పొగ ఉన్నది. అందుకే వద్దన్న. పొయ్యి పోయినంక దులిపి ఈ డబ్బాల పోసినం."

గ్రేస్ డబ్బాలోంచి చెయ్యి తీసింది. "నాకెందుకు చెప్పలే?" అంది.

"ఎందుకు వద్దంటున్నవని నువ్వడగలే. ముందుగాల యాకమ్మ చెప్తే నవ్వితివి గద. మల్ల నవ్వుతవనుకున్న."

"నేను పోయినంక మూడు రాళ్లు పెట్టి ముట్టియ్యకపోతిరా! నేనేమన్న చూడొచ్చిన్నా?"

"ముట్టిద్దామనే నేనన్న. గీ యాకమ్మనే పడనియ్యలే."

"మాటిచ్చినం గద బిడ్డా" అంది యాకమ్మ మెల్లగా. "నీ తల్లి పేరు చెప్పి ఏడిస్తివి. నువ్వు చూడకున్నా మాట మాటనే గద."

తిట్టి ఉంటే బాగుండేది. దుమ్మెత్తి పోసి, గూడెం పొలిమేర దాకా తరిమి ఉంటే ఎంతో బాగుండేది. గ్రేస్ పిండి అంటిన చేతులతోనే మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. యాకమ్మ దగ్గరికి జరిగి ఆమె వీపు నిమిరింది.

"నువ్వు చెప్పింది అబద్ధం కాదు బిడ్డా. నా దగ్గు పోయింది. తెల్లందాక నిద్ర పడుతున్నది. ఊపిరి మంచిగ ఆడుతున్నది." గ్రేస్ చేతికంటిన పిండిని కొంగుతో తుడిచింది. "మరి ఏం విత్తాల్నో, ఏం తినాల్నో గది చెప్పు."

గ్రేస్ రాసిన పదకొండేళ్ల రిపోర్టుల్లో ఆ సంగతి ఎక్కడా లేదు.

బయట రహీం ఫోన్ మోగింది. భూపాలపల్లి నుంచి. అక్కడి మూడు ఊళ్లకు పొయ్యి సామాను లారీల్లోకి ఎక్కించారట, బయలుదేరమంటారా అని. గ్రేస్ లేచి వాకిట్లోకి వచ్చింది.

"ఆపుమను రహీం. ఆ ఊళ్లల్ల దూలాలకు ఏం కడ్తరో ముందుగాల అడిగి రావాలె. నేనే పోయి అడుగుత."

అప్పుడే మొదటి చినుకు పడింది. వేరే ఏడాదైతే గూడెమంతా విత్తనాల గంపలెత్తుకుని గుట్ట వైపు ఉరికేది. ఈసారి ఎవరి గుమ్మంలో వాళ్లు నిలబడి వానను చూస్తున్నారు, ఎవరూ కదల్లేదు.

గ్రేస్ లక్ష్మా ఇంటి పెరట్లోకి వెళ్లింది. తాను పగలగొట్టిన పొయ్యి రాళ్లు గోడ వారన పడి ఉన్నాయి. ఒక్కొక్కటీ లోపలికి మోసుకొచ్చి, పాత చోటే, దూలం కిందే, మూడు రాళ్లు పేర్చింది. పుల్లలు పెట్టి అగ్గిపుల్ల గీసింది. తడి పుల్లలు, చాలాసేపు అంటుకోలేదు. మోకాళ్ల మీద వంగి ఊదింది, వాళ్లమ్మ ఊదినట్టే. పొగ లేచి కళ్లల్లోకి, గొంతులోకి పోయింది. దగ్గుతూనే ఊదింది. నల్లటి దూలానికి ఉత్త తాళ్లు వేలాడుతున్నాయి.

యాకమ్మ వచ్చి ఆమె భుజం మీద చెయ్యేసింది.

"ఇప్పుడెందుకు బిడ్డా? మీద కట్టనీకి ఏమున్నదని?"