అభినందన సంచికలో ఒక్క తప్పు

అభినందన సంచిక మొదటి ఫారం అచ్చయిన మధ్యాహ్నం ఆచార్య పిసుపాటి గరుడాచలం గారి చేతులు మోకాళ్ళ దాకా పెరుగుతాయి. ఎనిమిదో పుటలో ఆయన శిష్యుడొకడు "మా గురువుగారు ఆజానుబాహువు" అని రాశాడు. అచ్చులో పడ్డ మాటకు తిరుగేముంది? ఆయన భార్య కామేశ్వరమ్మ గారు దర్జీని పిలిపించి చొక్కాలన్నిటికీ చేతులు పొడవు పెట్టించమంటారు. దర్జీ కొలత తీసుకుని గుడ్డ చాలదంటాడు, అంతే.

గరుడాచలం గారు ఈ నెలాఖరుకు యూనివర్సిటీ తెలుగు శాఖ నుంచి రిటైరవుతున్నారు. రిటైరయ్యే ఆచార్యుడికి అభినందన సంచిక వెయ్యడం అక్కడ ఆనవాయితీ. ఆ పని హైమవతి నెత్తిన పడింది. ఆమె ఆయన దగ్గరే చదువుకుని, ఇప్పుడు అదే శాఖలో పాఠాలు చెబుతోంది. వ్యాసాల కోసం నలుగురినీ బతిమాలడం, ప్రూఫులు దిద్దడం, ప్రెస్సు చుట్టూ ప్రదక్షిణలు చెయ్యడం, అన్నీ ఆమే. ఒక్కో ఫారం, అంటే పదహారేసి పుటలు, అచ్చయ్యే కొద్దీ అందులో ఎలా రాసి ఉంటే గరుడాచలం గారు అలా అయిపోతూ ఉంటారు. శాఖలో ఎవరూ దీన్ని వింతగా చూడరు. ఖర్చు పెట్టి వేయిస్తున్న పుస్తకం, ఆ మాత్రం పని చెయ్యకపోతే ఎలా?

హైమవతి బెంగ చేతుల గురించి కాదు, నోటి గురించి. గరుడాచలం గారిది పెద్ద నోరు. ఆమె ఏది రాసినా ముందు ఆయన చదవాల్సిందే. చదివి, "ఇదేం రాతే? ఉప్పులేని పప్పు! బుర్ర ఇంట్లో పెట్టి వచ్చావా?" అని లేచేవారు. ఆ తిట్లు తిన్నాకే రాసిందాంట్లో ఎక్కడ కుంటుతోందో ఆమెకు తెలిసేది. మెచ్చుకునేవాళ్ళు ఊరంతా ఉన్నారు, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు ఆయనొక్కడే. ఏళ్ళ తరబడి రాసుకున్న సొంత పుస్తకం రాతప్రతి ఇప్పుడు ఆమె సంచిలో ఉంది. ఆయన చేతిలో పెట్టడానికి ధైర్యం చాలక రేపు, రేపు అంటూ మోస్తోంది.

రెండో ఫారంలో ఆచార్య బులుసు పరబ్రహ్మం గారి వ్యాసం ఉంది. సీనియారిటీ గొడవతో ఆయనకూ గరుడాచలం గారికీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. అయినా సన్మానం సన్మానమే కదా. నలుగురిలో మాట పడకూడదని పరబ్రహ్మం గారు పట్టుబట్టి మరీ రాసిచ్చారు: "గరుడాచలం అజాతశత్రువు. ఆయనకు శత్రువన్నవాడు ఈ భూమ్మీద పుట్టలేదు."

ఫారం మెషీను దిగేసరికి పరబ్రహ్మం గారు పుట్టలేదు. కారిడార్లో ఆయన గది ఉండే చోట గోడ ఉంది. గోడ మీద సున్నం కూడా పాతదే. ఆయన క్లాసు జరిగే గంటలో పిల్లలు కాంటీనుకు పోతున్నారు.

"వ్యాసం బాగుందండీ," అంటాడు ప్రెస్సు నడిపే మస్తాన్, రచయిత పేరు ఉండాల్సిన ఖాళీ మీద వేలు పెట్టి. "ఇక్కడ పేరు లేదు. ఎవరు రాశారండీ?"

"పుట్టని మనిషి," అంటుంది హైమవతి.

"అయితే అలా వదిలేద్దామండి. పుట్టాక చూసుకోవచ్చు."

మూడో ఫారం ప్రూఫులో ఆ వాక్యం కనిపిస్తుంది: "గరుడాచలం గారు ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరుగరు." హైమవతి దాన్ని ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేస్తుంది. శాఖాధ్యక్షుడు జోగేశ్వరరావు గారు అది చూసి తల పట్టుకుంటారు.

"ఏమిటమ్మా ఇది? అభినందన సంచికలో నిజాలా?"

"ఆయన తిట్లే నాకు చదువండీ. అవి పోతే నేనేం కాను?"

"పెళ్ళిలోనూ సన్మానంలోనూ లోపాలు ఎంచకూడదు. ఉంచెయ్యి తల్లీ."

ఫారం మెషీను ఎక్కుతుంది. హైమవతి సంచి భుజాన వేసుకుని పరుగు పరుగున గురువుగారి ఇంటికి వెళుతుంది, మెషీను కన్నా ముందు చేరతానేమోనని. కామేశ్వరమ్మ గారు గుమ్మంలోనే ఆమె చెయ్యి పట్టుకుంటారు.

"కాఫీలో పంచదార బదులు ఉప్పు వేసిచ్చానే, కావాలనే. 'అమృతం కామేశ్వరీ' అన్నారు. నాకు భయమేస్తోందే హైమా. ఇన్నేళ్ళూ ఆ నోటితోనే కాపురం చేశాను. ఆ మనిషి ఏడే?"

లోపల గరుడాచలం గారు వాలుకుర్చీలో కూర్చుని, పనమ్మాయి పగలగొట్టిన అద్దాన్ని మెచ్చుకుంటున్నారు. ఎంత చక్కగా పగిలావని అంటున్నారు. పెంకులు సిగ్గుపడి మంచం కిందికి జరుగుతాయి. హైమవతి సంచి మూతి విప్పకుండానే వెనక్కి వచ్చేస్తుంది.

పుస్తకం కుట్టు కూడా అయిపోయింది, ఇక పుటలు మార్చడం కుదరదు. మిగిలిన దారి తప్పొప్పుల చీటీ. అచ్చయ్యాక కంటబడ్డ తప్పులకు దిద్దుబాటు వేసి, మొదటి పుటకు అంటించే చిన్న కాగితం అది. చీటీ కూడా అచ్చే కాబట్టి అందులో పడిందీ నిజమై తీరుతుంది. హైమవతి రెండు సవరణలు రాసుకుని వెళుతుంది, ఒకటి పరబ్రహ్మం గారి పుట్టుక గురించి, ఒకటి గురువుగారి నోటి గురించి.

"రెండా!" అంటారు జోగేశ్వరరావు గారు. "ఒకటుంటే పొరపాటమ్మా, ఎవరికైనా జరుగుతుంది. రెండుంటే శాఖ పరువు పోతుంది. ఒక్క తప్పు ఒప్పుకుందాం. ఏదో నువ్వే చూసుకో."

కామేశ్వరమ్మ గారి ఫోను వస్తుంది. "నా మొగుణ్ణి నాకిచ్చెయ్యవే హైమా. నీకూ ఆయనే కావాలి కదటే." హైమవతికి కావాల్సిందీ అదే. సరేనండీ అని చెప్పి ప్రెస్సుకు బయలుదేరుతుంది.

దారిలో పరబ్రహ్మం గారి ఇల్లు. ఆయన పుట్టనే లేదు గనక రాజ్యలక్ష్మి గారు ఎవరి భార్యా కాదు. అయినా ఆ ఇంట్లోనే ఉన్నారు, ఎందుకున్నారో తెలియక. వరండాలో పీట వేసి, కంచంలో అన్నం, పప్పు, ఆవకాయ వడ్డించి, ఎదురుగా విసనకర్రతో కూర్చున్నారు.

"ఎవరికండీ?" అంటుంది హైమవతి గేటు దగ్గర ఆగి.

"తెలీదమ్మా. చెయ్యి ఊరుకోక వడ్డిస్తున్నాను. రోజూ చల్లారిపోతోంది, తీసేస్తున్నాను." ఆవిడ ఈగను తోలి మళ్ళీ అంటారు. "నీకేమైనా తెలుసా తల్లీ, ఎవరో?"

హైమవతికి ఏడుపు ఆగదు. ఎంత గింజుకున్నా ఆ కంచం కళ్ళముందు నుంచి కదలదు. ప్రెస్సులో నిలబడి మస్తాన్‌కు ఒకే ఒక్క వరుస చెబుతుంది: "పుట ఇరవై మూడు. 'పుట్టలేదు' అన్నచోట 'ఒకడు పుట్టాడు' అని చదువుకోవాలి."

ఆవిష్కరణ సభకు యూనివర్సిటీ హాలు నిండిపోయింది. చీటీలు అంటించిన ప్రతులు మస్తాన్ వేదిక మీద పెడుతుండగానే పరబ్రహ్మం గారు పుట్టి, ఉత్తరీయం సర్దుకుంటూ వచ్చి ముందు వరుసలో కూర్చుంటారు. సంచిక తిరగేసి, "నా వ్యాసానికి నా పేరేదీ? ఇది కుట్ర!" అని అందుకుంటారు. రాజ్యలక్ష్మి గారు పక్కనే కూర్చుని ఆయన మోచెయ్యి పట్టుకున్నారు, సభ అయ్యేదాకా వదలరు.

కామేశ్వరమ్మ గారు చీటీ చదివి ముఖం తిప్పేసుకుంటారు. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, పరబ్రహ్మం గారి జంటను కాసేపు చూసి, "పోనీలే, మంచి పనే చేశావు," అంటారు హైమవతితో. 

దండలు, శాలువాలు అయ్యాక హైమవతి సంచి విప్పి రాతప్రతి గురువుగారి ఒళ్ళో పెడుతుంది. తెలిసే పెడుతుంది. ఆశ చావదు కదా! ఆయన మొదటి అధ్యాయం కుదురుగా చదువుతారు. ఒకచోట కనుబొమలు ముడిపడతాయి. ఏదో మాట గొంతు దాకా వచ్చి, దారి దొరక్క వెనక్కి పోతుంది. కళ్ళజోడు తీసి ఆమె ముఖంలోకి చూస్తారు.

"చాలా బాగుందమ్మా."

ఒకప్పుడు ఆయన నోట ఈ మాట వినడానికి ఆమె ఏమైనా ఇచ్చేది. ఇప్పుడు విన్నాక, ఇంత పెద్ద హాల్లో తనకెవరూ లేరనిపిస్తుంది.

రాతప్రతిలోని వాక్యాలు కూడా ఆ మాట విన్నాయి. తమ సంగతి తమకు తెలుసు, తల దించుకుంటాయి. మొదటిది కాగితం దిగుతుంది, దాని వెనక రెండోది. ఒక్కొక్కటే గరుడాచలం గారి పాదాలకు దణ్ణం పెట్టి, వరుస తప్పకుండా తలుపు వైపు నడుస్తాయి. జనం మాటలు ఆపకుండానే కాళ్ళు పైకెత్తి దారిస్తారు. పొడవాటి వాక్యం ఒకటి మెట్ల దగ్గర తడబడితే మస్తాన్ దాని చివర పట్టుకుని దింపుతాడు.

బయట మైదానంలో ఎండ ఇంకా తగ్గలేదు. వాక్యాలన్నీ బాసింపట్టు వేసుకుని వరుసలుగా కూర్చుంటాయి. హైమవతి తెల్లకాగితాలు గుండెకు అదుముకుని వాటి వెనకే వస్తుంది. ఆఖరి వరుసలో ఒక చిన్న వాక్యం పక్కకు జరిగి చోటిస్తుంది. ఆమె కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుంటుంది. ఎవరో ఒకరు వచ్చి తిడతారని అందరూ కలిసి ఎదురుచూస్తారు.